వేట ఆపినా ఆగని నొప్పి

ముందే చెబుతున్నాను, జాలిపడటానికి వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. జాలి నా ఒంటికి పడదు. అయ్యో పాపం అంటూ వచ్చి నా మంచం పక్కన కూర్చుని, నా ఇంట్లో కాఫీ తాగి, వీధి మలుపు తిరక్కముందే "దానికి బిళ్ళల పిచ్చంట" అని చెవులు కొరుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. ఇప్పుడు కాస్త తేరుకున్నాను కాబట్టి రాస్తున్నాను. నడుంనొప్పికో మోకాళ్ళనొప్పికో ఎవరో ఇచ్చిన బిళ్ళ రోజూ మింగుతూ "నాకేమవుద్దిలే" అనుకునేవాళ్ళు మా దివిసీమలో ఇంటికొకరు ఉన్నారు. ఇది వాళ్ళ కోసం. మిగతావాళ్ళు చదివితే చదవండి, లేకపోతే మానండి.

నా పేరు నాగమణి. హంసలదీవి దగ్గర ఊరు మాది. మా ఆయన ఏడుకొండలు పడవ మీద ఇంజను డ్రైవరు, సముద్రానికి వెళ్తాడు. నేను ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, పెట్టెల్లో ఐసు వేసి, ఆటోలో గుడివాడ మార్కెట్టుకు తీసుకెళ్తాను. పాటలో నా గొంతు లేస్తే మగవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఎవరినైనా అడగండి.

నిరుడు కాదు, అంతకు ముందటేడు కార్తీకంలో ఏటిగట్టు మీద మా ఆటో పక్కకు ఒరిగింది. నేను కింద, ఐసుపెట్టె నా నడుము మీద. ఎముకలేం విరగలేదు. కానీ లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను. ఆ సాయంత్రమే మా మరిది శ్రీను వచ్చాడు. కోడూరు సెంటర్లో వాడికి మందుల షాపు ఉంది.

"వదినా, ఇది వేసుకో. పొద్దున్నకి గుర్రంలాగా లేస్తావ్," అన్నాడు.

లేచాను. నిజంగానే గుర్రంలా లేచాను. నొప్పి మాయమవడమే కాదు, మా ఆయన మీద కోపం కూడా పోయింది. మా ఆయన మీద కోపం లేకుండా నేను పూట గడపడమంటే ఒంట్లో ఏదో తేడా ఉన్నట్టే. అనుమానం అప్పుడే రావాల్సింది.

మా వాళ్ళలో ఒక పద్ధతుంది. ఇంట్లో ఒకడు మందుల షాపు పెట్టాడంటే, ఇక ఆ చుట్టాల్లో ఎవరూ డాక్టరు గడప తొక్కకూడదు. తొక్కితే వాణ్ణి అవమానించినట్టే. ఒకసారి బందరు వెళ్ళి నడుము చూపించుకుంటానంటే మా ఆయన, "శ్రీను ఉండగా బయటికెళ్తే వాడి మొహం ఏమవుద్దే?" అన్నాడు. వాడి మొహం కాపాడటానికి నేను బిళ్ళలు మింగాను. వాడు కూడా పాపం అడగకుండానే తెచ్చి ఇచ్చేవాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మా మరిది మాత్రం అడక్కుండానే పెట్టాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళం ఆ బిళ్ళల్ని వక్కాకులాగా పంచుకునేవాళ్ళం. "పిల్లా, నీ దగ్గరుంటే ఒకటి పడెయ్యవే" అంటే టీతో పాటు అందించడమే.

మాఘం వచ్చేసరికి ఒక బిళ్ళ చాలడం మానేసింది. శ్రీను రెండు చేశాడు. తర్వాత ఇంకా పెరిగాయి. విచిత్రం ఏమిటంటే నొప్పి నడుములోంచి కదిలి భుజాల్లోకి, పిక్కల్లోకి పాకింది. ఐసుపెట్టె నా పిక్కల మీద పడలేదు కదా అని నాకే అనిపించేది. అడిగితే, "నరం లాగతందొదినా," అన్నాడు శ్రీను. వాడికి తెలియని నరం లేదు మరి.

ఎండాకాలం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ రెండు నెలలూ ప్రభుత్వం వేట ఆపేస్తుంది. పడవలన్నీ ఒడ్డుకెక్కుతాయి. పగుళ్ళు పూడ్చి రంగులేస్తారు, వలలు బాగుచేసుకుంటారు. మా ఊళ్ళో ఒంటి రిపేర్లు కూడా అప్పుడే. పుచ్చిపన్ను పీకించుకోవాలన్నా, వరిబీజం ఆపరేషన్ చేయించుకోవాలన్నా "వేట ఆపాక చూద్దాంలే" అంటారు. పళ్ళు సలుపుతున్నా ఆ రోజులొచ్చేదాకా దవడ పట్టుకుని తిరుగుతారు తప్ప ముందు కదలరు.

పడవ ఒడ్డుకెక్కించిన రోజే మా ఆయన నా బిళ్ళలు కూడా ఆపించాడు.

"బరువులెత్తవు, ఆటో ఎక్కవు. ఇంకా నొప్పెందుకొస్తది? ఇంజను ఆపినట్టు ఆపెయ్," అన్నాడు. ఉన్న బిళ్ళలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేశాడు. నాకూ సబబుగానే తోచింది. పని లేకపోతే నొప్పి ఉండదు కదా.

మర్నాటికి ఆవలింతలు మొదలయ్యాయి. ముక్కు కారింది. బయట ఎండ రోహిణికార్తెలోలా మండిపోతుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకుని వణుకు. విరేచనాలతో కడుపు కొట్టుకుపోయింది. కాళ్ళు ఒక్కచోట నిలవవు, ఎవరో లోపల కూర్చుని తన్నుతున్నట్టు. అవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. ఆ నొప్పి మాత్రం పగవాడికి కూడా వద్దు. జడ వేసుకుందామని దువ్వెన పెడితే వెంట్రుకల కుదుళ్ళు నొప్పి. గాజులు జారితే మణికట్టు నొప్పి. ఫ్యాను గాలి తగిలితే చర్మం మొత్తం నొప్పి. గాలి నొప్పెట్టడమేమిటో మీకు తెలియకపోతే మీ అదృష్టం. ఎదురింటావిడ చూసి "గాలి సోకిందే దీనికి" అని తేల్చేసింది. ఎవరినో పిలిచి మెడలో తాడు కట్టించారు. ఆ తాడు కూడా నొప్పెట్టింది, తెంపి వీధిలోకి విసిరేశాను.

శ్రీను పరిగెత్తుకొచ్చాడు. నా వాలకం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒక బిళ్ళ నోట్లో వేశాడు. గంట తిరక్కముందే వణుకు తగ్గింది, కాళ్ళు ఆగాయి, నేను మనిషినయ్యాను.

"చూశావా అన్నయ్యా? నొప్పి లోపలే ఉంది. మందు ఆపారు, బయటపడింది," అన్నాడు శ్రీను.

మా ఆయన తలూపాడు. నేనూ ఊపాను. ఆ క్షణాన వాడు నాకు దేవుడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుకొస్తుంది. ఆ వేసవంతా పని లేకుండా పడుకుని, చేపలెత్తిన రోజుల కంటే ఎక్కువ బిళ్ళలు మింగి, అంతకంటే ఎక్కువ నొప్పి పడ్డాను. పడవలు రంగులేసుకుని మెరుస్తూ మళ్ళీ నీళ్ళలోకి దిగాయి. నేను మాత్రం మంచం దిగలేదు. పాట నా గొంతు లేకుండానే జరిగిపోయింది. నా బేరాలు వేరేవాళ్ళు పట్టుకున్నారు. అది తెలిసినప్పుడు ఏడ్చాను, దాచుకునేదేముంది.

తొలకరిలో, ఇక శ్రీను మొహం సంగతి వదిలేసి, మా ఆయన నన్ను బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. చెక్క బల్ల మీద కూర్చోలేక లేచి నిలబడ్డాను, నిలబడలేక గోడకు ఆనుకున్నాను. "కదలకుండా కూర్చోమ్మా, తిరుగుతావేంటి" అని ఒకామె కసిరింది. చివరికి లోపలికి పిలిచారు. డాక్టరు అక్కడ తీయించిన స్కానింగ్ చూశాడు కానీ నన్ను చూడలేదు.

"నడుములో ఏమీ లేదు. ఏం బిళ్ళలు వాడుతున్నావు?"

అట్ట చూపించాను. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఓహో, నువ్వు ఈ బాపతా. ఇవి నేను రాయను. వెళ్ళు."

"బిళ్ళలడగలేదండీ. నొప్పి ఎందుకొస్తందో చెప్పమన్నాను."

"నీకు నొప్పి లేదమ్మా. అలవాటు."

అంతే. గంట కొట్టి తర్వాతి మనిషిని పిలిచాడు. ఆయన తప్పు చెప్పాడని నేనిప్పటికీ అంటాను. అలవాటు నిజం, నొప్పి లేదన్నది అబద్ధం. బస్టాండులో మా ఆయన నా వైపు చూడకుండా, "ఏవే, నొప్పి లేకుండానే ఇన్నాళ్ళు నాటకమాడావా?" అన్నాడు. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఆయన్ని ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాను. ఆయన పూర్వీకుల్ని కూడా వదల్లేదు. బస్సెక్కాక ఇద్దరం చెరో కిటికీ దగ్గర కూర్చున్నాం.

గుడివాడ మార్కెట్టులో నా దగ్గర చేపలు తీసుకునే కోటమ్మత్త ఫోన్ చేసింది, సరుకు రావడం లేదేమని. జరిగిందంతా చెప్పాను. "మా వీధిలో ఒక డాక్టరమ్మ ఉందే, ఇట్టాంటియ్యే చూస్తది. కాకపోతే బోర్డు మీద మానసిక వైద్యురాలని ఉంటది. నువ్వేమనుకోకు," అంది. మా ఆయన అదిరిపడ్డాడు.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? ఊళ్ళో తెలిస్తే?"

"ఊళ్ళో తెలియందేముంది ఇంకా?" అన్నాను.

పామర్రులో బస్సు మారి గుడివాడ చేరేసరికి పొద్దున వేసుకున్న బిళ్ళ దిగిపోయింది, నా ఒంట్లో సత్తువ లేదు. ఇరుకు గది, నిండా జనం, నెత్తిన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. గాలి తగలకుండా కొంగు చుట్టుకుని ముడుచుకుని కూర్చున్నాను. పక్కన భర్తను తీసుకొచ్చిన ఒక పెద్దావిడ ఉంది, ముదినేపల్లి అట. నన్ను కాసేపు చూసి, "గాలి పడట్లేదామ్మా? మా ఆయనకీ ఒకప్పుడు ఇంతే," అని లేచి ఫ్యాను ఆపేసింది. గదిలో అందరూ గొణిగారు. "కాసేపు చెమట పడితే ఎవరూ చావరులెండి!" అని అందరి మీదా కసిరి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇంకో మాట అడగలేదు, సలహా చెప్పలేదు. ఆవిడ పేరైనా నేను అడగలేదే అని నాకు ఇప్పటికీ బాధే.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. "నొప్పెక్కడమ్మా?" అంది.

"అందరూ లేదన్నారుగా. మీరూ ఆ ముక్క చెప్పేస్తే బస్సుకెళ్తాం," అన్నాను.

"నేను లేదనను. మీ నొప్పి నిజం. కాకపోతే ఇప్పుడది నడుములో లేదు, మెదడులో ఉంది."

"అంటే పిచ్చనేగా?"

"కాదు, వినండి. మనందరి మెదడులోనూ నొప్పిని అణిచే రసాయనాలు తయారవుతాయి. దెబ్బ తగిలినా కాసేపటికి సర్దుకునేది వాటివల్లే. మీరు మింగింది నల్లమందు జాతి బిళ్ళ. అదీ ఆ పనే చేస్తుంది, కానీ చాలా గట్టిగా. రోజూ బయటి నుంచి వచ్చిపడుతుంటే మెదడు సొంత మందు పనిచెయ్యడం తగ్గిపోతుంది. పైగా బిళ్ళ నొక్కుతున్నకొద్దీ, నొప్పి కబురు మోసే రసాయనాలు ఇంకా పైకి లేస్తాయి."

"మాకర్థమయ్యేలా చెప్పండి. ఈయనకి ఇంజన్లు తప్ప తెలియవు."

ఆవిడ నవ్వలేదు. "మీ వీధిలో రోజూ మైకు పెట్టారనుకోండి. మీరంతా ఎలా మాట్లాడుకుంటారు?"

"అరుచుకుంటాం."

"మైకు ఉన్నట్టుండి ఆపేస్తే?"

"ఇంకా అరుస్తూనే ఉంటాం."

"మీ ఒంట్లో నరాలన్నీ అలా అరుస్తున్నాయి. దువ్వెన తగిలినా, గాలి తగిలినా అరుపే. నొప్పి తగ్గించే బిళ్ళే కొంతమందిలో నొప్పిని పెంచుతుంది. అది ఆపినప్పుడు మరీ ఎక్కువ."

మా ఆయన అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నాడు. "అయితే నాటకం కాదాండీ?" అన్నాడు.

"ఈ ఉక్కలో ఆవిడ చేతి మీద రోమాలు చూడండి. నాటకమాడి వాటిని లేపగలరా?"

మా ఆయన నా చెయ్యి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చెయ్యి వేసవి నుంచీ ఆయన పక్కనే ఉంది, చూడటానికి గుడివాడ దాకా రావాల్సి వచ్చింది.

నాకు కృతజ్ఞత కలగలేదు, కోపమొచ్చింది. నల్లమందు! మా ఊళ్ళో ఆ మాటను తిట్టుకు వాడతారు. బీడీ పొగ పడని మనిషిని, నాచేత నల్లమందు తినిపించారా? డాక్టరమ్మ మీద కూడా అరిచాను. అరవనిచ్చింది. అయ్యాక, "ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు. మీ అంతట మీరు అసలే ఆపకూడదు. నేను చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గిద్దాం, మధ్యలో ఇబ్బందికి వేరే మందులిస్తాను," అంది. ఈ ఒక్క మాట కోసమైనా ఇది చదివినవాళ్ళు గుర్తుపెట్టుకోండి. మేము పడవని ఒడ్డుకెక్కించినట్టు ఒక్కరోజులో ఎక్కించేద్దామనుకున్నాం. ఒళ్ళు పడవ కాదు.

తిరుగుదారిలో కోడూరులో దిగి నేరుగా శ్రీను షాపుకెళ్ళాను.

"ఏం బిళ్ళ ఇచ్చావో తెలుసా రా నీకు?"

"నొప్పి బిళ్ళే కదొదినా."

"నల్లమందురా అది!"

కొనడానికొచ్చినవాళ్ళు వెనక్కి తిరిగారు. వాడి మొహం మాడిపోయింది. "అందరూ ఇస్తన్నారు. నీ బాధ చూడలేక ఇచ్చాను. నన్ను దోషిని చేస్తన్నావా?" అన్నాడు. చేస్తున్నాను అన్నాను. ఆ రోజు నుంచి వాడు మా గడప తొక్కలేదు. చుట్టాల్లో ఒక పెద్దమనిషి వచ్చి "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని నాకు నీతి చెప్పాడు. "అడుసులోకి తోసింది మీవాడు, కడుక్కునేది నేను, మధ్యలో నీకేంటి నొప్పి?" అన్నాను. కాఫీ కూడా ఇవ్వలేదు.

వానాకాలమంతా తగ్గించడమే. బిళ్ళ తగ్గించిన ప్రతిసారీ ఒళ్ళు అరుపులు మొదలుపెట్టేది, కొన్నాళ్ళకు సర్దుకునేది, మళ్ళీ తగ్గించేవాళ్ళం. నొప్పి కంటే ఆ శూన్యం ఘోరం. చింతచిగురు వేసి ఎండురొయ్యలు వండితే మట్టి తిన్నట్టుంది. ఏ వంటకీ రుచి లేదు, ఎవరి మాటా పట్టలేదు. సంతోషపెట్టే రసాయనాలు కూడా దెబ్బతిన్నాయి, మెల్లగా వస్తాయి అంది డాక్టరమ్మ. ఎప్పుడొస్తాయంటే తారీకు చెప్పలేనంది. మా ఆయన నా పాత నేతచీరలన్నీ పోగేసి, వలలు కుట్టే చేత్తో మెత్తటి బొంత కుట్టాడు, మంచం నులక గుచ్చుకుంటోందని. కుట్లు వంకరగా ఉన్నాయని తిట్టాను. ఆ బొంత మీదే పడుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఓర్చుకోలేక ఆటో ఎక్కి శ్రీను షాపు దాకా వెళ్ళాను. తిరిగొచ్చాను. ధైర్యం వల్ల తిరిగొచ్చానని చెప్పుకుంటే బాగుంటుంది. షాపు మూసుంది, అందుకని తిరిగొచ్చాను.

చలి తగ్గేవేళకు బిళ్ళ పూర్తిగా ఆగింది. ఈ వేసవి వేట ఆపినప్పుడు నేనూ ఊరికే కూర్చున్నాను, వలల ముందు, ఏ మందూ లేకుండా. ఫ్యాను కింద పడుకున్నాను. నడుములో పాత కలుక్కు మాత్రం ఉంది. అది ఐసుపెట్టెది. దానితో నాకు పేచీ లేదు.

అయినా ఒక భయం పోలేదు. ఇప్పటికి ఏ పెద్ద నొప్పీ రాలేదు. వస్తే? మళ్ళీ ఒళ్ళంతా అరుస్తుందా? అరిస్తే నేను మళ్ళీ ఆ షాపుకే పరిగెడతానా? ఎవరికీ చెప్పలేదు కానీ ముల్లన్నా మంటన్నా పక్కకు తప్పుకుని తిరిగాను.

వేట మళ్ళీ మొదలయ్యాక మొదటి పాటకు ఒడ్డుకు వెళ్ళాను. మొదటి పాటంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయి. శ్రీను కూడా వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు. నేను గొంతెత్తాను. గొంతు బొంగురుపోయింది, అయినా లేచింది. కుప్ప నాదైంది. ఆ సంబరంలో చూసుకోకుండా చేపల్లో చెయ్యి పెట్టాను. జెల్ల చేప ముల్లు బొటనవేలి మొదట్లో దిగింది.

జెల్ల ముల్లంటే మా వైపు పెద్ద పెద్ద మగవాళ్ళే ఏడుస్తారు. ఇసకలో కూలబడ్డాను. నొప్పి నిప్పులా ఎక్కుతోంది. చుట్టూ జనం. నేను కళ్ళు మూసుకుని దాని కోసం కాచుకుని కూర్చున్నాను. ఇప్పుడు భుజంలోకి వస్తుంది, నడుములోకి వస్తుంది, జుట్టులోకి వస్తుంది అని.

జనాన్ని తోసుకుని శ్రీను వచ్చాడు. అప్పటికే చెయ్యి జేబులో ఉంది.

"వదినా, ఒక్కటి. ఇది ఆ బాపతు కాదు, ఒట్టు."

మా ఆయన పక్కనే నిలబడ్డాడు. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"జేబులోంచి చెయ్యి తియ్యరా సన్నాసీ! టీ కొట్టు దగ్గరికెళ్ళి వేడినీళ్ళు పట్రా, పో!" అన్నాను.

వాడు చెయ్యి బయటికి తీశాడు, ఖాళీగా. పరిగెత్తాడు. గిన్నె నిండా నీళ్ళు తెచ్చి, వేడి తన చేత్తో చూసి, నా ముందు పెట్టి ఇసకలో కూర్చున్నాడు. ఆ వేడికే ముల్లు విషం విరుగుతుంది, అందులో చెయ్యి ముంచాను. జెల్లని తిట్టాను, శ్రీనుని తిట్టాను, వాడికి షాపు పెట్టించిన మా మామగారి ఆత్మను తిట్టాను. ఏడ్చాను. నీళ్ళు చల్లారితే వాడు మళ్ళీ తెచ్చాడు.

ఎండ చల్లబడేసరికి మంట దిగడం మొదలైంది. ఎవరూ ఏ బిళ్ళా ఇవ్వలేదు, అయినా దిగింది. మా ఆయన వంగి, భయంభయంగా, "ఎక్కడే నొప్పి?" అన్నాడు.

తడిచెయ్యి పైకెత్తి బొటనవేలు చూపించాను.

"ఇక్కడ," అన్నాను. "ఇక్కడొక్కచోటే."